తెలుగులో వచ్చిన ఫోను

తెలంగాణ సరిహద్దు దాటాక ఎర్రబోరు దగ్గర పెద్ద రోడ్డు దిగి, వాగు దాటి, ఇప్పచెట్ల మధ్య నుంచి కొంత దూరం నడిస్తే ఒక చిన్న గూడెం వస్తుంది. అక్కడివాళ్లు దాన్ని పారా అంటారు. సోమమ్మ ఆ పారాకు మితానిన్. అంటే ఊరి ఆరోగ్యం చూసే మనిషి. ఎవరికైనా జ్వరమొస్తే వేలు గుచ్చి మలేరియా ఉందో లేదో చూడడం, నెలలు నిండినవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోవడం, పిల్లలకు సూదులేసే రోజు ఇంటింటికీ తిరిగి చెప్పి రావడం ఆమె పని. పెళ్లై భద్రాచలం అవతల నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆమెకు తెలుగు తప్ప మరో మాట రాదు. పొలాల్లో నాట్లేస్తూ దోర్లీ నేర్చుకుంది. సంతలో బేరాలాడుతూ గోండీ అలవాటు చేసుకుంది. ట్రైనింగులకు పోయి పోయి హిందీ పట్టుకుంది. ఆ హిందీలో ఆడా మగా తేడా ఉండదు, డాక్టరమ్మను కూడా "ఆయా హై" అనేస్తుంది. అయినా ఆమె చెప్పదలుచుకున్నది అందరికీ తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ నవ్వరు.

వాళ్లింట్లో ఉన్న ఫోను ఒకటే. సిగ్నలు ఇంటి లోపలికి రాదు. ముంగిట్లో సొరపాదు పాకిన పందిరి గుంజ దగ్గర మాత్రం బాగా అందుతుంది. అందుకని ఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆ గుంజకు వేలాడదీస్తారు. మోగితే ఎవరు దగ్గరుంటే వాళ్లు ఎత్తుతారు.

కొత్త టవరు లేచాక ఆ ఫోనుకు తీరిక లేకుండా పోయింది. లాటరీ తగిలిందని ఒకడు, కరెంటు కోసేస్తామని ఒకడు, లోన్ కావాలా అని ఒక ఆడపిల్ల, అన్నీ హిందీలోనే. సోమమ్మ భర్త వెంకన్నకు హిందీలో వచ్చింది రెండు మూడు ముక్కలు. ఎవరు చేసినా "రాంగ్ నంబర్ హై" అని పెట్టేసేవాడు. ఒకసారి బ్లాకు ఆఫీసువాళ్లు ట్రైనింగుకు రమ్మని చేస్తే వాళ్లకూ అదే చెప్పాడు. ఆ ట్రైనింగు కాస్తా పోయింది. ఇక ఫోను ముట్టుకోవద్దని సోమమ్మ అతనికి గట్టిగా చెప్పింది. ఆ దొంగ ఫోన్లను ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. వడ్లు చెరుగుతూనో గిన్నెలు తోముతూనో కాసేపు విని, "మాకేమీ వద్దు నాయనా" అని తెలుగులోనే చెప్పి పెట్టేసేది. ఆ మాట అవతలివాళ్లకు అర్థం కాదు, వాళ్ల మాట ఈమెకు సగమే అర్థమవుతుంది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక పొద్దున, ఏరుకొచ్చిన పువ్వును చాప మీద ఆరబోస్తుండగా ఫోను మోగింది.

"నమస్తే అమ్మా. సోమమ్మ గారేనా మాట్లాడేది?"

తెలుగు. సోమమ్మ చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆఫీసు పేరు చెప్పి తెలుగులో మాట్లాడినవాళ్లు లేరు. పేరు వెనక గారు తగిలించినవాళ్లు అసలే లేరు.

"నేనే. మీరెవరు సారూ?"

"నా పేరు భానుప్రసాద్. ఆరోగ్య శాఖలో కొత్తగా వచ్చాను. మా ఆవిడది కూడా భద్రాచలం వైపేనమ్మా. మీ పేరు కనిపించగానే మనవాళ్లే కదా అనిపించింది."

ఆ రోజు అతను ఏమీ అడగలేదు. పారాలో మలేరియా ఎలా ఉంది, వాగు పొంగితే గర్భిణులను ఎలా దాటిస్తారు, జీతం సరిగ్గా వస్తోందా అని కనుక్కున్నాడు. సోమమ్మకు మాట్లాడాలనిపించింది. వానాకాలంలో మంచం మీద మోసుకుపోయి వాగు దాటించిన కాన్పు సంగతి చెప్పింది. పిల్లల్ని తూచే త్రాసు పాడైందని, ఎన్నిసార్లు అడిగినా కొత్తది ఇవ్వలేదని చెప్పింది. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఈ మాటలన్నీ ఆమె ట్రైనింగుల్లో హిందీలో చెప్పబోయి, మాటలు దొరక్క మింగేసినవే.

తరవాత కూడా ఒకటి రెండుసార్లు చేశాడు. మూడోసారికి అమ్మా పోయి అక్కా అయింది. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆ మధ్య కాన్పైన ఆడవాళ్లకు సర్కారు సొమ్ము వచ్చిందట, అది ఖాతాలో పడకుండా ఆగిపోయిందట. ఫోన్లో పైసల యాప్ ఉన్న బాలింత పారాలో ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకొమ్మన్నాడు.

సోమమ్మకు వెంటనే రాధ గుర్తొచ్చింది. రాధ దోర్ల పిల్ల. మొదటి కాన్పు. కొడుకు పుట్టి రెండు నెలలు కూడా సరిగ్గా నిండలేదు. మగడు కేసా మిర్చి కోతకు తెలంగాణ పోయాడు, పోతూ తన ఫోను ఇంట్లో పెట్టి వెళ్లాడు. అక్కడి మేస్త్రీ కూలి డబ్బు ఎప్పటికప్పుడు ఆ ఫోను ఖాతాలోకే వేస్తున్నాడు. వానలు పడేలోగా ఇంటి పైకప్పుకు రేకులు వేయాలని వాళ్ల ఆలోచన.

సోమమ్మ వెళ్లి చెప్పగానే రాధ బిడ్డను చంకనేసుకుని ఫోనుతో వచ్చింది. ఇద్దరూ పందిరి కింద కూర్చున్నారు. భానుప్రసాద్ ముందు రాధ ఫోను నంబరు అడిగి తెలుసుకున్నాడు. తరవాత సోమమ్మ ఫోనులో అతను తెలుగులో చెప్పడం, సోమమ్మ దాన్ని దోర్లీలో రాధకు చెప్పడం.

"ఒక చీటీ లాంటిది కనిపిస్తుంది, నొక్కమనక్కా."

"నొక్కు రాధా."

"ఇప్పుడు వాళ్ల రహస్య నంబరు అడుగుతుంది. నాకు చెప్పొద్దు, నీకూ చెప్పొద్దు. వాళ్లనే కొట్టమను."

నంబరు తనకు చెప్పొద్దన్నాడు కదా అని సోమమ్మకు ఇంకా నమ్మకం కుదిరింది. కేసా నేర్పిన నంబరు రాధ ఒక్కొక్కటే చూసుకుంటూ కొట్టింది. ఫోను టింగుమంది. రాధ నవ్వింది, డబ్బు వచ్చిందనుకుని.

మెసేజీ హిందీలో ఉంది. సోమమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. కాట్ లియా గయా అని ఉంది. వచ్చిందని కాదు, పోయిందని.

"సారూ, పైసలు కోసిండ్రని వచ్చిందేంది?"

"అది అట్లాగే వస్తుందక్కా. మొత్తం కలిపి రెట్టింపు పడుతుంది. కంగారుపడకు. ఈలోగా ఇంకో బాలింత ఉంటే పిలువు, ఒక్కసారే అయిపోతుంది."

ఇంకో బాలింత అన్న మాట సోమమ్మ చెవిలో నిలిచిపోయింది. నిన్నటిదాకా అక్కా అన్న గొంతే, అదే మెత్తదనం. అయినా ఇప్పుడు ఆ గొంతులో తొందర వినిపించింది.

"ఉన్నది సారూ," అంది నెమ్మదిగా. "చేనుకు పోయింది. రాంగనే నేనే చేస్తా."

ఫోను పెట్టేసింది. రాధ ఇంకా ఆమె మొహం వంకే చూస్తోంది.

"ఏమన్నడు అత్తా?"

"రాధా, మనల్ని మోసం జేసిండు. నేను గుర్తుపట్టలే. లే, ఎర్రబోరు పోదాం."

వెంకన్న దొడ్లో మేకలకు తుమ్మకాయలు వేస్తున్నాడు. జరిగింది విని, రాధకు వినపడకుండా భార్యను పక్కకు పిలిచాడు.

"ఫోను వాళ్లది. నొక్కింది ఆ పిల్ల. నీ పైసా పోలే. ఊకె ఠాణా, గీణా అని నువ్వెందుకే నెత్తికెత్తుకుంటవ్?"

"నొక్కుమన్నది నా నోరు కదయ్యా."

వెంకన్న లోపలికి పోయి ఆమె చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

ఎర్రబోరులో రోడ్డు పక్కన సతీష్ అనే కుర్రవాడికి సెల్లు దుకాణం ఉంది. వాళ్లదీ భద్రాచలం వైపే. డబ్బు పోయిందంటే ముందు ఏం చేయాలో అతనికి తెలుసు. వెంటనే మోసాల ఫిర్యాదు నంబరుకు ఫోను కలిపి, తనే హిందీలో గబగబా మాట్లాడి, రాధ ఖాతా వివరాలు చెప్పాడు. ఇలాంటివి ఎంత తొందరగా చెబితే అంత మంచిదన్నాడు. ఎక్కడో ఒక ఖాతాలో డబ్బు ఆగినా ఆగొచ్చు.

"ఠాణాల కూడా రాసియ్యాలక్కా," అన్నాడు.

ఆ మాటకు రాధ ఆగిపోయింది. ఆ పిల్ల ఇంట్లోంచి ఎవరూ తమంతట తాము ఠాణా గడప ఎక్కలేదు. బిడ్డను గుండెకు అదుముకుని, ఇంటికి పోదాం అత్తా, పైసలు పోతే పోయినయ్ అంది. సోమమ్మ ఆమెను దుకాణం బల్ల మీద కూర్చోబెట్టి, బిడ్డకు పాలివ్వనిచ్చింది. పాలు తాగడం అయ్యాక, "నేనుంట. నీ తరఫున నేనే మాట్లాడుత," అంది. రాధ లేచింది.

ఠాణా లోపల బల్ల దగ్గర కూర్చున్న జవాను ముందు రాధ పేరు రాసుకున్నాడు. తరవాత తలెత్తి హిందీలో అడిగాడు, ఎవరు నొక్కమంటే నొక్కావని. రాధకు ప్రశ్న అర్థమైంది.  తల వంచుకుంది.

"నేనే నొక్కమన్నా సార్," అంది సోమమ్మ.

జవాను ఆమె భుజాన ఉన్న మందుల సంచీని చూశాడు. "మితానిన్ అయి ఉండి?" అన్నాడు. అందులో కోపం లేదు, విసుగు కూడా లేదు.  అతను ఆ మాట కూడా రాసుకున్నాడో లేదో ఆమెకు తెలియదు. వేలిముద్రలు, సంతకాలు అయ్యాక ఇద్దరూ ఎండలో పారాకు తిరిగి నడిచారు.  వాగు దగ్గర సోమమ్మ బిడ్డను అందుకోబోతే రాధ ఇవ్వలేదు.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టక సోమమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. మర్నాడు ఇప్పపువ్వు ఏరడానికి పోలేదు. ముందు కడుపుతో ఉన్నవాళ్ల ఇళ్లకూ పసిబిడ్డలున్న ఇళ్లకూ పోయింది. సూదుల రోజు చెప్పడానికి ఎలా తిరుగుతుందో అలాగే తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే చెప్పింది. నన్ను ఒకడు మోసం చేశాడు, నా మాట వల్ల రాధ పైసలు పోయాయి, వాడు ఇంకా ఇలాంటి ఫోన్లు చేస్తాడు, మన భాషలోనే చేస్తాడు. పైసలిచ్చేవాడికి మీ రహస్య నంబరుతో పని ఉండదు. కొందరు అయ్యో అన్నారు. ఒక ముసలామె మాత్రం, ఇంత చదువు చెప్పే నువ్వే పడ్డావా అని నవ్వింది. సోమమ్మ కూడా కొంచెం నవ్వింది.

ఆ వారం సంతకు పోయినప్పుడు ఉప్పు అమ్మే చోట నిలబడి గోండీలో చెప్పింది, గాజుల దగ్గర దోర్లీలో చెప్పింది. వెంకన్న ఎండుచేపల గంప దగ్గరే నిలబడి, చేపల వంక చూస్తున్నట్టు ఉండిపోయాడు. సిగ్గుతో కాదు, ఎవరైనా ఏమైనా అంటే ఏం చెప్పాలో తెలియక.

సంత నుంచి బయలుదేరబోతుంటే ఒకామె వెంట నడిచి వచ్చింది. వాగు ఎగువన ఉన్న మరో పారా మితానిన్ ఆమె. ట్రైనింగుల్లో చూసిన మొహమే. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఆ మనిషి తనకూ చేశాడని చెప్పింది. తన దగ్గర హిందీలో మాట్లాడాడట. ఇద్దరు బాలింతలను కూర్చోబెట్టిందట. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో అని ఎవరికీ చెప్పలేదు. ఆ బాలింతలకు కూడా, సర్కారు సొమ్ము ఆలస్యమవుతోందని చెబుతూ వస్తోంది.

"రేపు పొద్దున సతీష్ దుకాణం కాడికి వాళ్లిద్దరిని తీస్కరా," అంది సోమమ్మ. "నేనొస్త. ఏమన్న అంటే ఇద్దరం పడుదాం."

ఆమె వచ్చింది.

ఉగాది దాటాక కేసా మిర్చి కోత నుంచి తిరిగొచ్చాడు. వచ్చాడని తెలియగానే, అతను తనను వెతుక్కుంటూ రాకముందే సోమమ్మ అతని ఇంటికి పోయింది. కేసా వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిర్చి ఘాటుకు చేతివేళ్ల చివర్లు ఎర్రగా, తోలు లేచి ఉన్నాయి. రాధ లోపలే ఉండిపోయింది.

"రాధ చెప్పింది అత్తా," అన్నాడు కేసా. "నువ్వు నొక్కుమంటేనే నొక్కిందట."

"అవును."

"అన్నం తినేటప్పుడు కూడా మండేటివి ఈ చేతులు."

సోమమ్మ ఆ చేతులను చూసింది.  రేకులు వేయాల్సిన ఇంటి కప్పు మీద పాత గడ్డి నల్లబడి ఉంది.

"నువ్వు తిన్నవని అనను," అన్నాడు కేసా. "కాని ఇగ రాధకు ఏం జెప్పాలన్న నేనున్నప్పుడు జెప్పు."

"అట్లనే."

ఆమె మాట నిలబెట్టుకుంది. బిడ్డకు సూదివేసే రోజు చెప్పడానికి పోయినా, కేసా అడవి నుంచి వచ్చేదాకా వాకిట్లోనే కూర్చునేది. రాధ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఇదివరకు ఆ ఇంటికి పోతే బిడ్డను ముందు సోమమ్మ ఒళ్లో పడేసి తరవాత మాట్లాడేది ఆ పిల్ల. సోమమ్మకు అది గుర్తొచ్చేది. అయినా పోవడం మానలేదు.

తునికాకు కోత మొదలైంది. తెల్లవారకముందే మగవాళ్లు, ఆడవాళ్లు అడవిలోకి పోతున్నారు. రాధ బిడ్డతో ఇంటి దగ్గరే ఉంటోంది. ఒక రోజు పొద్దెక్కాక సోమమ్మ ఆకు కట్టలు కడుతుంటే రాధ పరుగున వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేస్తున్నాడు.

సోమమ్మ చేయి కడుక్కుని బిడ్డ మడమ గుచ్చి రక్తం చుక్క తీసింది. పరీక్ష పట్టీ మీద రెండో గీత కనిపించింది, మలేరియానే. ఇంత పసివాడికి ఇంట్లో మందు ఇచ్చి కూర్చోవడం ఆమెకు నేర్పిన పని కాదు.

"పెద్దాసుపత్రికి పోవాలె రాధా. ఇప్పుడే."

రాధ అడవి వైపు చూసింది. కేసా ఆ అడవిలో ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"నీ మగడున్నప్పుడే చెప్త అన్న," అంది సోమమ్మ. "ఇయ్యాల మాట తప్పుతున్న. కేసా ఏమన్న అంటె నన్నే అననీ. నడువు."

రాధ బిడ్డను భుజాన వేసుకుంది. వెంకన్నను కేసా కోసం అడవిలోకి పంపి, ఇద్దరూ వాగు దాటి రోడ్డెక్కారు. తడి గుడ్డతో బిడ్డ ఒళ్లు తుడుస్తూ నిలబడితే ఒక లారీవాడు ఆపాడు. దారి పొడవునా సోమమ్మ బిడ్డ అరికాళ్లను తట్టుతూనే ఉంది. ఆస్పత్రిలో నర్సు బిడ్డను అందుకుని లోపలికి తీసుకుపోయింది. సూది మందు, సెలైను పెట్టారు. సాయంత్రానికి ఒళ్లు చల్లబడి, బిడ్డ పాలకు నోరు తెరిచాడు.

పొద్దు వాలుతుండగా కేసా వచ్చాడు. చేతులకు తునికాకు జిగురు ఇంకా అంటుకునే ఉంది. ముందు లోపలికి పోయి బిడ్డను చూశాడు. బయటికి వచ్చి, ఎక్కడికో వెళ్లి, కాగితంలో కట్టించిన, పకోడీల్లాంటి భజియా తెచ్చాడు. సగం రాధకు ఇచ్చి మిగతా సగం సోమమ్మ చేతిలో పెట్టాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. కేసా బల్ల మీద ఆమె పక్కనే కూర్చుని, ఆమె తినడం అయ్యేదాకా చూశాడు. తరవాత, "ఇంటికి నువ్వు పో అత్తా. రాత్రికి నేనుంట," అన్నాడు.

వానలు పట్టాక ఠాణా నుంచి కబురొచ్చింది. పోయిన డబ్బులో కొంత ఎక్కడో ఒక ఖాతాలో ఆగి ఉందని, అది తిరిగి వచ్చిందని. మిగతాది రాలేదు. ఆ మనిషి ఎవరో కూడా తెలియలేదు. ఆ వచ్చిన డబ్బుకు మరికొంత కలిపి, వాన తెరిపిచ్చిన రోజుల్లో కేసా ఒక పక్కకు రేకులు వేశాడు. రెండో పక్క గడ్డే ఉంది. రేకులెత్తే రోజు వెంకన్న కూడా పోయి నిచ్చెన పట్టుకున్నాడు.

ఇప్పుడు పారాలో తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మోగుతున్న ఫోనును అలాగే పట్టుకుని సోమమ్మ ఇంటికి వస్తున్నారు. ఒకసారి పడ్డ మనిషికి గొంతు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. తనకేమీ తెలియదని ఆమె చెబుతుంది. అయినా ఫోను తీసుకుని వింటుంది. ఎక్కువమంది ఆమె రెండు ప్రశ్నలు అడిగేసరికి పెట్టేస్తారు. కొందరు తిడతారు. ఆ తిట్లకు అర్థమేమిటని వెంకన్న అడిగితే చెప్పదు.

వాన తగ్గిన రోజుల్లో ఆమె ఫోనుకే బ్లాకు నుంచి ఒక ఆడమనిషి చేసింది. కొత్తగా వచ్చిన ఆఫీసరునని, బాలింతల పేర్లు, ఖాతా నంబర్లు వెంటనే చెప్పమని హిందీలో అడిగింది.

"ఫోన్లో ఎవరి పేరూ చెప్పను మేడం," అంది సోమమ్మ తన హిందీలో. "కావాలంటే మీరే రండి. అందర్నీ కూర్చోబెడతాను."

నేనెవరో తెలుసా అని ఆమె కోపపడింది. తెలియదు కాబట్టే రమ్మంటున్నానని సోమమ్మ అంది.  అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఉద్యోగం పోతుందేమోనని వెంకన్న రెండు రోజులు గొణిగాడు.

ఆ మరుసటి వారం వాగు అవతల జీపు ఆగింది. ఆఫీసరమ్మ నిజంగానే ఆఫీసరమ్మ. చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి దాకా తడిసి పారాలోకి నడిచి వచ్చింది. బ్లాకు నుంచి అంత పెద్ద ఉద్యోగి ఆ పారా దాకా రావడం అదే మొదటిసారి. మొహంలో ముందు కొంచెం చిరాకు ఉంది గానీ, పందిరి కింద చాప మీద కూర్చుని మంచినీళ్లు తాగాక అది తగ్గింది. బాలింతలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఖాతా నంబర్ల సంగతి కాసేపట్లోనే తేలిపోయింది. వాళ్లు మాత్రం లేవలేదు. త్రాసు గురించి ఒకరు, వాగు మీద మోరీ వంతెన గురించి ఒకరు, సూదులేసే నర్సు నెలలో ఏ రోజు వస్తుందో ముందే చెప్పాలని ఇంకొకరు, వరసగా అడుగుతూనే ఉన్నారు. ఆఫీసరమ్మ ఎక్కడికి పోయిందోనని వెతుక్కుంటూ సాయంత్రానికి డ్రైవరు వాగు దాటి వచ్చాడు. ఇంకొంచెం ఆగమని ఆమె అతనికి చేత్తో సైగ చేసింది.